వస్తున్నానని వెళ్ళింది

మార్చి 2, శనివారం

మా అత్తారి ఊరు అగోగో నుంచి తిరిగి వచ్చాం. వచ్చాం అంటే, ట్రోట్రో వ్యానులో నేను ముందు సీట్లో, మా ఆవిడ దుఫియె ఆఖరి సీట్లో. నా పక్కన ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఎవరిదో మేకపిల్ల కూర్చుంది.

బావమరిది దర్క్వా సంవత్సరీకం బాగానే జరిగింది. ఊరంతా నల్లబట్టల్లో వచ్చారు. కార్యక్రమం నడిపించమని మైకు నాకిచ్చారు. అత్తారింట్లో నా ఇంగ్లీషంటే గౌరవం. మధ్యలో ఒక చిన్న అపార్థం వచ్చింది. రేపటికి సర్దుకుంటుంది.

మార్చి 3, ఆదివారం

సర్దుకోలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే న్యాయంగా చూస్తే ఇందులో నా తప్పేమీ లేదు. దుఫియె తమ్ముడి గురించి ఇంగ్లీషులో రాసుకొచ్చిన నాలుగు మాటలు చదివింది. చక్కగా చదివింది. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆఖర్లో, ఆ రోజు దర్క్వా మంచినీళ్ళ ప్యాకెట్లు కొనుక్కురావడానికి లేచి, "అక్కా, అయామ్ కమింగ్" అని చెప్పి గేటు దాటాడని, కలప లారీ గుద్దిందని, వాడు చివరగా అన్న మాట అదేనని చదివింది.

నా నోట్లోంచి "గోయింగ్" అని వచ్చింది.

మెల్లగానే అన్నాను. కానీ మైకు నా నోటి దగ్గరుంది. షామియానా నాలుగు మూలలా ఉన్న నాలుగు స్పీకర్లూ "గోయింగ్" అన్నాయి. దుఫియె కాగితం మడిచి కూర్చుంది.

నేనేం చేయను? మా దేశంలో వెళ్ళే ప్రతివాడూ వస్తున్నానంటాడు. బ్యాంకులో గుమాస్తా కిటికీ మూసేస్తూ అయామ్ కమింగ్ అంటాడు, సాయంత్రం దాకా కనపడడు. మెకానిక్కు మన బండే ఎక్కి మన ముందే దుమ్ము లేపుకుంటూ పోతూ అయామ్ కమింగ్ అని చెయ్యి ఊపుతాడు. ఈ తెగులుకు మందు వేసేవాడు మా ఊరు కోనోంగో మొత్తానికి నేనొక్కణ్ణే. మా క్లాసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: వెళ్ళువారు వచ్చుచున్నానని అనరాదు. అన్నవాళ్ళు కత్తి పట్టుకుని బడి వెనక గడ్డి కొయ్యాలి. మా బడి వెనక మైదానం అంత శుభ్రంగా ఉందంటే అది నా వ్యాకరణం చలవే. ఏళ్ళ తరబడి దిద్దిన నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

మార్చి 4, సోమవారం

బడి నుంచి వచ్చేసరికి వసారాలో సంచి ఉంది. దుఫియె తలగుడ్డ కట్టుకుంటోంది.

"ఎక్కడికి?" అన్నాను.

"అగోగో. మా మేనమామ ఇంటికి."

"ఎప్పుడొస్తావు?"

సంచి భుజానికి తగిలించుకుని గేటు దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, నా కళ్ళలోకి చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది.

"అయామ్ కమింగ్, మాస్టారూ."

నేను దిద్దలేదు.

వస్తున్నానంది కాబట్టి వస్తుంది.

మార్చి 5, మంగళవారం

రాలేదు. ఫోను ఎత్తలేదు. అగోగో కొండల్లో ఉంది కదా, అక్కడ నెట్‌వర్కు బాగుండదు.

మార్చి 6, బుధవారం

స్వాతంత్ర్య దినం. పిల్లలు ఎండలో కవాతు చేశారు, ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారు, జాతీయగీతం పూర్తయ్యింది. దుఫియె ఏదని అందరూ అడిగారు. "వస్తోంది" అన్నాను. హెడ్‌మిస్ట్రెస్ అడిగితే "వస్తోంది" అన్నాను. వందన సమర్పణ అయిపోయాక మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాను.

"ఎక్కడిదాకా వచ్చింది?" అందావిడ.

లెక్కల మాస్టారు బఫోర్ పక్కనే ఉన్నాడు. వాడు నాకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు. ఆ ఒక్క కారణంగా వాడి నోటిని భరిస్తున్నాను.

"ఒరేయ్ అంపెం, వస్తోందంటే నీ గోడ మీది రాత ప్రకారం వస్తోందా, మా అందరి లెక్కలో వస్తోందా?"

"రెండిటికీ తేడా ఏంటి?"

"నీ గోడ ప్రకారమైతే ఇప్పుడు సందు మలుపులో కనిపించాలి. మా లెక్కలో అయితే వెళ్ళిందన్నమాట. ఎప్పటికైనా తిరిగొస్తుందన్నమాట."

వాడి ఫోను తీసుకుని దుఫియె నంబరుకు చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది, "చెప్పండి బఫోర్‌గారూ" అంది. నెట్‌వర్కు చాలా బాగుంది. పెట్టేశాను.

నేను తప్పన్న వాడుకే ఇవాళ నాకు దిక్కయింది. దీని గురించి ఎక్కువ ఆలోచించదలుచుకోలేదు.

మార్చి 8, శుక్రవారం

ఫుఫు చేద్దామనుకున్నాను. ఆడవాళ్ళు చేసే పని నేను చెయ్యలేనా అనిపించింది. కర్రపెండలం, అరటికాయ ఉడకబెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. ఫుఫు దంచడానికి ఒకరు, రోట్లో ముద్దను తిప్పడానికి ఒకరు కావాలని నాకు తెలియనిది కాదు. అయినా రోకలి ఎత్తి, అది కిందికి వచ్చేలోపు వంగి తిప్పుకోవచ్చని లెక్క వేశాను.

ఎడమచేత్తో రాయడం కష్టంగా ఉంది. గారీ, అదే కర్రపెండలం రవ్వ, నీళ్ళలో నానబెట్టి చక్కెర వేసుకుని తిన్నాను.

మార్చి 10, ఆదివారం

అగోగో వెళ్ళాను. బతిమాలడానికి కాదు. ఊరికే, గాలి మార్పు కోసం.

దుఫియె మేనమామ అఫ్రియె వసారాలో కూర్చుని ఉన్నాడు. కుర్చీ వేయించి మంచినీళ్ళిప్పించాడు. తాగాను. తర్వాత పద్ధతి ప్రకారం అడిగాడు, సంగతంతా తెలిసినా అడగాల్సిందే కదా.

"ఇక్కడంతా క్షేమమే అల్లుడూ. దారి నడిచొచ్చింది నువ్వు. ఏ పనిమీద వచ్చావో చెప్పు."

ఇక్కడ చెప్పాలి. ట్రోట్రోలో వస్తూ మొత్తం సిద్ధం చేసుకున్నాను. కర్త, కర్మ, క్రియ అన్నీ సరిగ్గా కుదిరాయి. సరిగ్గా అప్పుడే దుఫియె బట్టల తొట్టి పట్టుకుని పెరట్లోంచి వచ్చి, నన్ను దాటుకుని, దండెం దగ్గరికి వెళ్ళింది. నా వైపు చూడలేదు.

"ఏం లేదండీ మామగారూ," అన్నాను. "ఇటుగా వెళ్తూ వచ్చాను."

"ఎటు వెళ్తూ?"

"అటు."

అఫ్రియె మెడ తిప్పి నేను చూపించిన వైపు చూశాడు.

"అటు కొండ కదయ్యా?"

"అవునండీ."

"కొండ మీదికి వెళ్తున్నావా?"

"చూద్దామని."

దండెం దగ్గర నుంచి ఒక దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకుంటే వచ్చే దగ్గో, మామూలు దగ్గో చెప్పలేను. అఫ్రియె లోపలికి వెళ్ళి ఒక పెద్ద యామ్ దుంప తెచ్చి చేతికిచ్చాడు, "కొండ మీద ఆకలేస్తుంది" అన్నాడు. వాళ్ళంతా చూస్తున్నారు కాబట్టి కొండ వైపే కొంత దూరం నడవాల్సి వచ్చింది. పొదల చాటు నుంచి చుట్టు తిరిగి బస్టాండుకు చేరాను.

మార్చి 11, సోమవారం

యామ్ తిన్నాను. బాగుంది.

మార్చి 12, మంగళవారం

ఆఖరి ఏడాది పిల్లలకు 'కమ్' క్రియ చెప్పాను. పరీక్షలో తప్పకుండా వస్తుంది. కమ్ అనే ఇంత చిన్న మాటకు ఇన్ని తోకలు ఎందుకు పెట్టారో ఆ ఇంగ్లీషువాళ్ళకే తెలియాలి. కమ్ అక్రాస్ అంటే అనుకోకుండా తారసపడటం. కమ్ డౌన్ విత్ అంటే జబ్బున పడటం. కమ్ రౌండ్ అంటే స్పృహలోకి రావడం, పట్టు సడలించి మనసు మార్చుకోవడం. కమ్ బ్యాక్ అంటే చెప్పక్కర్లేదు.

ప్రతిదానికీ బోర్డు మీద ఉదాహరణ రాశాను. రాయడం అయ్యాక వెనక బెంచీల్లో గుసగుసలు. ఒక పిల్ల లేచింది.

"సర్, అన్ని వాక్యాల్లోనూ 'షీ' అనే ఉంది. ఎవరు సర్ ఆ షీ?"

బోర్డు చూశాను. ఆమె త్వరలో మనసు మార్చుకుంటుంది. ఆమె తిరిగి వస్తుంది. ఆమెకు దారిలో అతను అనుకోకుండా తారసపడతాడు. ఆమె వచ్చేదాకా అతను గారీయే తింటాడు. ఈ ఆఖరిదానిలో కమ్ ఉంది గానీ తోక లేదు. అది ఎందుకు రాశానో తెలియదు.

"షీ అంటే సర్వనామం," అన్నాను. "కూర్చో."

మార్చి 14, గురువారం

క్లాసు మధ్యలో పొకూ అనే పిల్ల చెయ్యెత్తి, నేను తలూపేలోపే తలుపు దగ్గరికి పోయి, "సర్, అయామ్ కమింగ్" అంది. అని, నాలుక కరుచుకుని గోడ మీది రాత వైపు చూసింది. క్లాసంతా నా వైపు చూసింది. ఎవరో అప్పుడే గడ్డికత్తి బల్ల కింద నుంచి తీస్తున్నారు.

"తప్పకుండా రావాలి," అన్నాను.

గడ్డికత్తి మళ్ళీ బల్ల కిందికి పోయింది.

పొకూ రాలేదు. తర్వాత తెలిసింది, బయట అరటికాయ బజ్జీలమ్మే ఆవిడ దగ్గర కూర్చుందట. గంట కొట్టేదాకా నేను తలుపు వైపే చూస్తూ పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

సాయంత్రం బఫోర్ ఇంటికి వెళ్ళి, "నాతో అగోగో రా" అన్నాను.

"కొండెక్కడానికా?" అన్నాడు. అగోగోలో జరిగింది ఇక్కడిదాకా పాకింది.

మార్చి 16, శనివారం

ఈసారి పద్ధతిగా వెళ్ళాం. పెద్దలకివ్వాల్సిన ష్నాప్స్ సారా సీసాతో, నా తరఫున మాట్లాడేవాడిగా బఫోర్‌తో. నేను నేరుగా మాట్లాడకూడదు. నేను బఫోర్‌కి చెప్పాలి, వాడు పెద్దలకు చెప్పాలి. నా మాటను మెరుగుపెట్టి చెప్పడం వాడి ధర్మం.

వసారాలో అఫ్రియె, ఇంకో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ఇంటి పెద్దావిడ నానా పోకువా కూడా ఉంది. దర్క్వాను ఎత్తుకుని పెంచింది ఈవిడే. దుఫియె ఆవిడ వెనక బల్ల మీద కూర్చుంది. మంచినీళ్ళయ్యాయి. ఏ పనిమీద వచ్చారని అడిగారు.

నేను బఫోర్‌తో, "ఆ రోజు భాషాపరమైన ఒక సవరణ సందర్భం చూసుకోకుండా చోటుచేసుకుందని చెప్పు" అన్నాను.

బఫోర్ లేచి, భుజం మీది గుడ్డ సర్దుకుని, "గాడిద పని చేశానంటున్నాడు" అన్నాడు.

పెద్దలు తలూపారు.

"సవరణ వ్యాకరణపరంగా సరైనదే అయినా, మైకు స్థానం వల్ల..."

"బుద్ధి లేదంటున్నాడు. చిన్నప్పటి నుంచీ లేదంటున్నాడు. దానికి నేను సాక్ష్యం."

"బఫోర్, నేనలా అనలేదు."

"అలా కూడా అనలేకపోతున్నానని బాధపడుతున్నాడు."

నానా పోకువా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. దుఫియె నవ్వలేదు. అఫ్రియె చెయ్యెత్తి అందర్నీ ఆపి, తన పక్కనున్న పెద్దాయన ద్వారా కాకుండా నాతోనే మాట్లాడాడు.

"అల్లుడూ, నీ ఇంగ్లీషు నాకు తెలీదు. మా ఇంటి సంగతి చెప్తా విను. గడప దాటేవాడు ఎవడైనా సరే, దుకాణానికి పోనీ, కుమాసీ పోనీ, వస్తున్నా అనే చెప్తాడు. శవపెట్టె ఎత్తేటప్పుడు మాత్రం, లోపలున్నవాడికి మేమే చెప్తాం, వెళ్ళు అని. మావాడికి కూడా చెప్పాం. చెప్పాం గానీ వాడు చివరన అన్న మాట ఒకటుంది, వస్తున్నా అని. ఏడాదిగా ఈ పిల్ల ఆ ఒక్క మాట పట్టుకుని అన్నం తింటోంది. నువ్వు ఊరందరి ముందూ నిలబడి, కాదురా, నువ్వు వెళ్తున్నా అనే అనాలి అన్నావు."

నేను బఫోర్ వైపు చూశాను. మెరుగుపెట్టడానికి వాడికీ ఏం దొరకలేదు.

అప్పుడు దుఫియె మాట్లాడింది. "మైకులో అన్నారు మామయ్యా. మైకులోనే చెప్పమను."

వచ్చే శనివారం వాళ్ళ పెద్దమ్మ కర్మ ఉందట, షామియానా, స్పీకర్లు ఎలాగూ వస్తాయి. "ఆవిడ కార్యంలో నేనెందుకండీ మధ్యలో" అన్నాను. నానా పోకువా, "అది నా చెల్లెలేనయ్యా, ఏమీ అనుకోదు" అంది.

దారిలో బఫోర్ ఏవో జోకులు వేశాడు. నేను నవ్వలేదు. సిగ్గుగా ఉంది. సిగ్గుగా ఉందని ఇక్కడ రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ఏడాదిగా నా ఎదురుగా కూర్చుని తింటూంటే, ఆమె దేన్ని పట్టుకుని తింటోందో నాకు తెలియలేదు.

మార్చి 18, సోమవారం

మైకులో చెప్పాల్సింది రాశాను. మూడు పేజీలొచ్చింది.

మార్చి 19, మంగళవారం

దిద్దాను. నాలుగు పేజీలైంది.

మార్చి 20, బుధవారం

బడి వెనక గడ్డి మోకాలి దాకా పెరిగింది. ఎందుకు పెరిగిందని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. వ్యాకరణంలో మార్పులొచ్చాయన్నాను.

మార్చి 22, శుక్రవారం

నిద్ర పట్టేలా లేదు. రేపు అందరూ నవ్వుతారు. నవ్వినా ఫర్వాలేదు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోతే? నా భయమంతా అదే, ఇంకేదీ కాదు. రేపు కుదరకపోతే ఆమె ఇక రాదు. నేనిక్కడ వస్తోంది, వస్తోంది అని జనానికి చెప్పుకుంటూ ముసలివాణ్ణయిపోతాను.

మార్చి 23, శనివారం

రాయాలి.

అదే షామియానా. అవే స్పీకర్లు, దాదాపు అదే జనం. పోయిన పెద్దమ్మ గురించి అందరూ మాట్లాడటం అయ్యాక, "మా అల్లుడు మాస్టారు ఒక మాట చెప్పుకుంటాడట" అని పిలిచారు. ఎవరో "ఇంగ్లీషులోనా?" అన్నారు. కుర్చీలన్నీ నవ్వాయి. మైకు అందుకోగానే కీచుమంది. దుఫియె మూడో వరసలో కూర్చుని నేల చూస్తోంది.

కాగితాలు తీశాను. "గౌరవనీయులైన పెద్దలకు, శోకతప్తులైన బంధువర్గానికి" అని మొదలుపెట్టాను. ముందు వరసలో ఒకాయన విసనకర్ర తీశాడు. రెండో వాక్యంలో 'అయినప్పటికీ' దగ్గర తలెత్తి చూశాను. దుఫియె ఇంకా నేలే చూస్తోంది. ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

కాగితాలు జేబులో పెట్టేశాను. తర్వాత ఏం మాట్లాడాలో నాకు తెలియదు. నోరు దానంతటదే తెరుచుకుంది, మన భాషలోనే.

"ఒరేయ్ దర్క్వా," అన్నాను. "నేనురా, మీ బావని. పోయినసారి నీ మాట దిద్దాను. నువ్వు సరిగ్గానే అన్నావురా. వస్తున్నా అని మీ అక్కకి చెప్పి వెళ్ళావు. అక్క చూస్తూనే ఉంది. మేమంతా చూస్తూనే ఉన్నాం. ఇంకా రాలేదేంట్రా?"

నాలుగు స్పీకర్లూ అడిగాయి. విసనకర్రలు ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. మైకు నోటి దగ్గరుండటం వల్ల అదీ ఊరంతా వినపడింది. దుఫియె తలెత్తింది.

ముందు వరసలో నానా పోకువా కర్ర ఊతంగా లేచి నిలబడి, దర్క్వా తరఫున తనే జవాబు చెప్పింది.

"వస్తున్నాడు లేవయ్యా! ఎందుకంత తొందర!"

జనం నవ్వారు. నవ్వుతూ ఏడ్చారు. ఎవరో "వస్తున్నాడు!" అని అరిచారు, ఇంకెవరో అందుకున్నారు, షామియానా అంతా అదే మాటైపోయింది. ఆ గోలలో దుఫియె లేచింది. లోపలికే వెళ్తోందనుకున్నాను. కుర్చీల మధ్య నుంచి నడిచి నా దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"మా ఆయన ఇంగ్లీషు మాస్టారు," అంది. కళ్ళు తుడుచుకుంది. "ఈయన ఒక్క క్రియ నేర్చుకోవడానికి ఊరు ఊరంతా పాఠం చెప్పాల్సి వచ్చింది. మీ అందరికీ పుణ్యం ఉంటుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. బఫోర్ ఈల వేశాడు, వాణ్ణి ఎవరో కూర్చోబెట్టారు. దుఫియె మైకు మూసి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"తిన్నారా, మాస్టారూ?"

"లేదు."

"మరి తినకుండా ఏం చూస్తున్నారు? వెళ్ళండి, వడ్డిస్తున్నారు."

తిన్నాను. దుఫియె వంటల దగ్గర పనిలో పడింది. పెద్దమ్మ కార్యం, ఆమె లేకపోతే జరగదు. చీకటి పడకముందే నేనూ బఫోరూ బయలుదేరాం. ఎప్పుడొస్తావని నేను అడగలేదు. చాలా అడగాలనిపించింది, అయినా అడగలేదు.

మార్చి 24, ఆదివారం

వచ్చింది.